హాస్టల్ వెనక ఇసకలో పచ్చ పురుగు



పోస్టు పెద్దది. ఒక్కసారే చదవలేకపోతే సేవ్ చేసుకుని తర్వాతైనా చదవండి. మన గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, 1/70 చట్టం గురించి పోస్టులు వస్తుంటాయి. ఇది పురుగుల గురించి. పురుగుల మీద ఇంత పొడుగు రాయాలా అని నవ్వుకోకండి. మేం ఈ పురుగుల్ని చూస్తున్న రోజుల్లోనే క్లాసులో మమ్మల్ని ఒక మాట అన్నారు. ఆ మాటకీ ఈ పురుగులకీ సంబంధం ఉంది. అందుకే రాస్తున్నాం.

మేం నలుగురం, ఒకే గది. పాడేరు ఏజెన్సీలో ఒక డిగ్రీ కాలేజీ, రెండో సంవత్సరం, జువాలజీ ఉన్న గ్రూపు. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్లో మండలాల పేర్లతోనే పిలుచుకుంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాం. హుకుంపేట, పెదబయలు, డుంబ్రిగూడ, జి.మాడుగుల. పెదబయలు వాడిని మాత్రం అందరం బావా అంటాం, వరస కలిసినా కలవకపోయినా.

హాస్టల్ వెనక వాలీబాల్ కోర్టు పక్కన ఎప్పుడో పని కోసం తోలిన ఇసక ఉంది. వానలకి పరుచుకుపోయి పైన గట్టిపడింది. దాని అవతల గెడ్డ, గెడ్డ దాటితే వలిస చేలు. వలిసెలు పూసే కాలంలో అక్కడ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కొండ వాలంతా పసుపు. పది గంటలకి ఎండెక్కేసరికి చేను మొత్తం తేనెటీగల మోత.

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం బట్టలు ఉతుక్కుని ఆరేస్తుంటే ఆ ఇసకలో పెన్సిల్ పట్టేంత కన్నాలు కనిపించాయి. ఒక్కో కన్నం ముందు కొత్త ఇసక చిన్న కుప్పగా ఉంది. చీమలేమో అనుకున్నాం. ఇంతలో పసుపు, నలుపు పట్టీల కందిరీగ ఒకటి కడుపు కింద ఏదో పట్టుకుని బరువుగా ఎగురుతూ వచ్చి దిగింది. ముందు కాళ్ళతో ఇసక గబగబా తోసి లోపలికి దూరిపోయింది. దాని కడుపు కింద ఉన్నది తేనెటీగ.

బావకి కోపం వచ్చింది. వాళ్ళ నాన్న తేనె పెట్టెలు పెంచుతాడు. మొదట్లో రెండు, ఇప్పుడు తొమ్మిది. ఇంటి ఖర్చుల్లో సగం ఆ తేనె మీదే. "ఇవేరా మా ఈగల్ని తినేసేవి. ఒక్కటీ ఉండకూడదు" అన్నాడు. మేమూ సరే అన్నాం. బాత్రూం నుంచి ఫినాయిల్ సీసా తెచ్చి ఒక కన్నంలో పోశాం. రెండో కన్నంలో పోసేలోగా మెస్ అక్క కేకేసింది, సీసా నెలాఖరుదాకా రావాలని. అలా ఒక్క కన్నంతో ఆగిపోయాం. మా మంచితనం వల్ల కాదు, ఫినాయిల్ లెక్క వల్ల.

అరగంట తర్వాత ఆ కన్నం కందిరీగ తిరిగొచ్చింది, ఇంకో తేనెటీగతో. ఇసక మీద ఒక జానెడు ఎత్తులో ఆగి అటూ ఇటూ ఊగింది. దిగింది, మీసాలు ఆడించింది, లేచింది. మళ్ళీ దిగింది. చాలాసేపు అలా తిరిగి చివరికి ఈగని వదిలేసి వెళ్ళిపోయింది. డుంబ్రిగూడ వాడు ఆ ఈగని ఆకు మీదికి తీసుకున్నాడు. చచ్చిందనుకున్నాం. చావలేదు. కాళ్ళు కొంచెం కొంచెం కదులుతున్నాయి, మీసాలు కదులుతున్నాయి, లేవడం మాత్రం లేదు. గదిలో కిటికీ మీద పెట్టాం. రెండు రోజులు అలాగే ఉంది.

చంపకుండా అలా పడేసి ఏం చేస్తుందా అన్న అనుమానంతో మొదలైంది మా చూడటం. ఒక పాత రికార్డు బుక్కు తీసుకుని తేదీ, టైము, ఎండ, ఏం జరిగింది అని నాలుగు గడులు గీశాం. పొద్దున్న కాలేజీకి వెళ్ళేముందు అరగంట, ఆదివారాలు పది నుంచి రెండు దాకా. మొత్తం పదకొండు కన్నాలు. ఒక్కోదాని పక్కన అగ్గిపుల్ల గుచ్చి నంబరు ఇచ్చాం.

ముందు వేట గురించి. దాన్ని చూడటానికి గెడ్డ దాటి వలిస చేలోకి వెళ్ళాల్సి వచ్చింది. కందిరీగ పువ్వు మీద వాలదు. తేనెటీగ వాలిన పువ్వుకి కొంచెం ఎడంగా, గాలి కిందివైపున, ఒకేచోట ఆగి ఎగురుతుంది. తర్వాత మీద పడుతుంది. రెండూ దొర్లి కింద పడతాయి. తోక వంచి, ఈగ కడుపువైపు నుంచి ముందు కాళ్ళ మొదట్లో కుడుతుంది. రెండు మూడు సెకన్లే. ఈగ పడిపోతుంది. అప్పుడు దాన్ని కాళ్ళతో నొక్కి, నోటి దగ్గరికి వచ్చిన పూతేనెని నాకేస్తుంది. ఆ తర్వాత వెల్లకిలా తిప్పి కడుపు కింద పెట్టుకుని ఎగురుతుంది. దాదాపు తనంత బరువు.

మా జువాలజీ మేడంకి ఫోన్‌లో తీసిన ఫొటోలు చూపించాం. ఫిలాంథస్ ప్రజాతి అన్నారు. ఇంగ్లీషులో వీటికి తేనెటీగల తోడేలు అని అర్థం వచ్చే పేరు ఉందట. యూరప్‌లో ఉండే జాతి మీద వంద ఏళ్ళుగా పరిశోధన జరుగుతోందని, మన దేశంలోనూ ఈ ప్రజాతి వాళ్ళు ఉన్నారని చెప్పారు. "వాళ్ళు" అనే అన్నారు, పురుగుల్ని.

పెద్ద కందిరీగ మాంసం తినదు. దాని తిండి పూతేనె. ఈగలు పిల్లల కోసం. కన్నం లోపల పొడుగు సొరంగం ఉంటుంది, యూరప్ జాతిలో మీటరు దాకా కూడా పోతుంది. దాని చివర పక్కలకి చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో ఒకటి నుంచి ఐదారు ఈగలు పెట్టి, ఒక ఈగ మీద గుడ్డు పెట్టి, గది మూసేస్తుంది. చంపితే ఈగ కుళ్ళిపోతుంది. అందుకే కదలకుండా చేసి ప్రాణం ఉంచుతుంది. మా కిటికీ మీద రెండు రోజులు బతికింది అందుకే.

అయినా నేల లోపల చెమ్మ. చెమ్మ ఉంటే బూజు పడుతుంది. మన ఇళ్ళలో వానాకాలం ఎండుచేపలకి ఎలా పడుతుందో తెలుసు కదా. ఈ కందిరీగ దానికి మూడు ఉపాయాలు చేస్తుంది. తల్లి తన తలలో ఉన్న గ్రంథి నుంచి వచ్చే నూనెలాంటి పదార్థాన్ని ఈగ ఒంటినిండా నాకి పూస్తుంది. దానివల్ల ఈగ మీద నీటి చుక్కలు పట్టవు, బూజు ఆలస్యమవుతుంది. రెండోది, గుడ్డు స్వయంగా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదిలి గదిలో బూజుని చంపుతుందని 2019లో బయటపెట్టారు. మూడోది మాకు బాగా నచ్చింది. తల్లి మీసాల్లో ఒక రకం బాక్టీరియాని పెంచుతుంది. అది తెల్లటి ముద్దలా వస్తుంది. దాన్ని గది పైకప్పుకి పూసి వెళ్తుంది. పిల్ల తర్వాత ఆ బాక్టీరియాని తన పట్టుగూటి దారంలో కలుపుకుంటుంది. అది మందులా కాపాడుతుంది. ఇది 2005లో ప్రచురించారు. ఆ బాక్టీరియా స్ట్రెప్టోమైసిస్ రకం. మనం టీబీకి వాడే స్ట్రెప్టోమైసిన్ వచ్చింది కూడా అదే రకం బాక్టీరియా నుంచే. జి.మాడుగుల వాడి చిన్నాన్నకి టీబీ వచ్చి మందులు వాడాడు. ఈ మాట మేడం చెప్పగానే వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకో సంగతి. మేం ఫినాయిల్ పోసిన రోజు కూర్చోడానికి వీలుగా అక్కడున్న రాళ్ళూ ఇటుక ముక్కలూ జరిపేశాం. ఆ కందిరీగ అంతసేపు తిరగడానికి అది కూడా ఒక కారణం. దీని వెనక ఒక కథ ఉంది. నికో టిన్‌బెర్గెన్ అని నెదర్లాండ్స్ ఆయన. 1929లో, ఇరవై రెండేళ్ళ వయసులో, హుల్స్‌హోర్స్ట్ అనే ఇసక నేలలో ఈ కందిరీగల్ని చూడటం మొదలుపెట్టాడు. కందిరీగ లోపలున్నప్పుడు కన్నం చుట్టూ పైన్ చెట్టు కాయలు గుండ్రంగా పేర్చాడు. అది బయటికొచ్చి ఒకసారి పైన చుట్టూ తిరిగి చూసుకుని వేటకి పోయింది. అప్పుడు ఆ కాయల్ని అలాగే గుండ్రంగా పక్కకి జరిపాడు. తిరిగొచ్చిన కందిరీగ తన కన్నం దగ్గర కాకుండా కాయల మధ్యలో దిగింది. అంటే అది గుర్తులు చూసి ఇల్లు పట్టుకుంటుందని తేల్చాడు. దాని మీద 1932లో ఆయన డాక్టరేట్ పుస్తకం 32 పేజీలే. 1973లో నోబెల్ వచ్చింది. ఆయనతోపాటు తీసుకున్న ఇద్దరిలో ఒకాయన తేనెటీగల నాట్యం మీద పనిచేసిన కార్ల్ వాన్ ఫ్రిష్.

పైన్ కాయలు మాకెక్కడివి. తల రుద్దుకోడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు ఉన్నాయి. నాలుగో నంబరు కన్నం చుట్టూ పదహారు కుంకుడుకాయలు పేర్చాం. అది వెళ్ళాక ఒక మూర పక్కకి జరిపాం. ఇరవై నిమిషాలకి ఈగతో వచ్చింది. నేరుగా కుంకుడుకాయల మధ్యలో దిగి ఇసక గోకింది. మేం నలుగురం ఒకేసారి "ఓలమ్మా" అన్నాం. నోబెల్ వచ్చిన ఆయన చూసింది మా హాస్టల్ వెనక మా కుంకుడుకాయలతో మేం కూడా చూశాం. వెంటనే కాయల్ని మళ్ళీ దాని కన్నం చుట్టూ పెట్టేశాం, ఇంకోసారి ఈగ వదిలేసి పోకుండా. అది దిగింది, ఇసక తోసింది, లోపలికెళ్ళింది.

ఇప్పుడు పచ్చ పురుగు.

నవంబరు మొదటి వారంలో ఏడో నంబరు కన్నం దగ్గర తళుక్కుమని ఏదో మెరిసింది. నెమలి మెడ రంగు. పచ్చ, నీలం కలిసి, తోక వైపు కొంచెం ఎరుపు. ఈగకంటే చిన్నది. అంత అందమైన పురుగుని మేం ఎప్పుడూ చూడలేదు. కన్నానికి జానెడు దూరంలో ఒక ఎండుటాకు మీద కూర్చుని ఊరికే ఉంది. ఎగరదు, తినదు. కందిరీగ ఈగని తెచ్చి మూతి దగ్గర ఇసక తోసుకుంటుండగా ఇది చటుక్కున వెళ్ళి ఆ ఈగని తాకి వచ్చేసింది. ఇంకోసారి కందిరీగ బయటికి పోగానే తెరిచి ఉన్న కన్నంలోకి దూరి, లోపల కాసేపు ఉండి బయటికొచ్చింది.

ఇది కోకిల కందిరీగ. కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టినట్టే ఇది కందిరీగ తెచ్చిన ఈగ మీద తన గుడ్డు పెడుతుంది. తర్వాత దాని పిల్ల కందిరీగ పిల్లని తినేస్తుంది. తల్లి కందిరీగ అంత కష్టపడి తవ్వి, వేటాడి, నూనె పూసి, మందు పెట్టి మూసిన గదిలోంచి చివరికి బయటికొచ్చేది ఈ పచ్చది.

ఒకసారి కందిరీగ దీన్ని పట్టుకుంది. చంపేస్తుందనుకున్నాం. పచ్చది కాళ్ళు, మీసాలు లోపలికి ముడుచుకుని శనగగింజలా ఉండ అయిపోయింది. దాని ఒళ్ళు గట్టి, కడుపు వైపు లోపలికి గుంటగా ఉంటుంది కాబట్టి సరిగ్గా మడుచుకుంటుంది. కందిరీగ కొరికింది, దొర్లించింది, విసుగొచ్చి వదిలేసింది. కాసేపటికి పచ్చది ఉండ విప్పుకుని మళ్ళీ అదే ఎండుటాకు మీద కూర్చుంది. డుంబ్రిగూడ వాడు దానికి సలాం కొట్టాడు.

మరి లోపల చీకట్లో దొరికిపోదా? అక్కడ వాసనే కదా గుర్తు. జర్మనీ శాస్త్రవేత్తలు 2008లో దీని గురించి రాశారు. యూరప్‌లో ఈ కందిరీగ గూళ్ళకి వచ్చే పచ్చదాని ఒంటి మీది పూత రసాయనాలు, ఆ కందిరీగ ఒంటి మీది పూతకి బాగా దగ్గరగా ఉంటాయట. అంటే ఇంటివాళ్ళ వాసన పూసుకుని ఇంట్లోకి దూరుతుంది.

ఇదొక్కటే కాదు. బూడిదరంగు చిన్న ఈగలు, మొహం వెండిలా మెరిసేవి, ఈగని మోసుకొచ్చే కందిరీగ వెనకాలే గీత గీసినట్టు ఎగురుతాయి. అవి గుడ్డు కాదు, ఏకంగా పుట్టిన పురుగునే ఈగ మీద వదిలేస్తాయి. కందిరీగకి తెలుసు. వెనక ఈగ పడితే నేరుగా ఇంటికి పోదు. ఎక్కడో రాయి మీద దిగి కదలకుండా కూర్చుంటుంది. ఇంకోటి వెల్వెట్ గుడ్డ కప్పుకున్న చీమలాంటిది. నల్ల ఒళ్ళు, ఎర్ర నడుం, వీపు మీద తెల్ల చుక్కలు. తొలకరికి వచ్చే ఆర్ద్ర పురుగు కాదు. చీమా కాదు, రెక్కల్లేని ఆడ కందిరీగ. జి.మాడుగుల వాడు చీమే కదా అని వేళ్ళతో పట్టుకున్నాడు. ఆ రోజు అన్నం ఎడమ చేత్తో తిన్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే క్లాసులో పరాన్నజీవుల పాఠం వచ్చింది. మేడం ఉదాహరణలు అడిగారు. ఒకరు జలగ అన్నారు, ఒకరు పేను, ఒకరు నులిపురుగు. వెనక బెంచీ నుంచి ఒక గొంతు "ఎస్టీ హాస్టల్" అంది.

క్లాసంతా నవ్వింది. క్లాసులో ఎక్కువమంది మనవాళ్ళే. అన్నవాడు కింద నుంచి వచ్చి చేరినవాడు, వాడి వెనక ఇద్దరో ముగ్గురో. కానీ నవ్వినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ఇంకా నిజం చెప్పాలంటే మా నలుగురిలో ఒకడు కూడా నవ్వాడు. వాడు ఎవడో రాయం. అలవాటుగా నవ్వేశానని రాత్రి చెప్పాడు. మేడం ఒక్క నిమిషం ఆగి, "ఆ మాట అన్నవాళ్ళు పరాన్నజీవికి నిర్వచనం రాసి రేపు నాకివ్వండి" అని పాఠం కొనసాగించారు.

ఆ రాత్రి గదిలో ఎవరం చదవలేదు. హుకుంపేట వాడు లేచి కూర్చుని అన్నాడు, "వాడి మాట వాడికే అప్పజెప్పాలి. పచ్చ పురుగు ఎవడు? కొండ మీదికొచ్చి ఉప్పుకీ కిరసనాయిలుకీ అప్పు పెట్టి భూమి రాయించుకున్న షావుకారు. దొంగ ఎస్టీ సర్టిఫికెట్టు తెచ్చుకుని మన ఉద్యోగంలో కూచున్నోడు. మన వాసన పూసుకుని మన గూట్లోకొస్తాడు. ఇంతకంటే బాగా ఎవడు చెప్తాడు?"

మాకు ఒళ్ళు పులకరించింది. అదే రాసి గ్రూపులో పెట్టేద్దాం అనుకున్నాం. పెట్టి ఉంటే మీరు లైకులు కొట్టేవాళ్ళు కూడా.

బావ మాత్రం ఒప్పుకోలేదు. "పచ్చది షావుకారైతే కందిరీగ మనమా?" అన్నాడు. అవునన్నాం. "మరి కందిరీగ ఎవడి ఇల్లు కొడతంది? తేనెటీగది. తేనెటీగ ఇల్లు మనం కొట్టమా? మా అయ్య పొగబెట్టి తేనె తియ్యడా? నీ తాత కొండ బండకి తాడు కట్టుకుని దిగలేదా? అప్పుడు మనం ఎవరం?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. చాలాసేపటికి డుంబ్రిగూడ వాడు ఇంకో మాట అన్నాడు. "కోకిలని ఎవడూ పరాన్నజీవి అనడు. చేసేది ఇదే పని. పాట బాగుంటదని పుస్తకాల్లో పెట్టుకున్నారు. పేనుకి పాట రాదు, అందుకని తిట్టు అయ్యింది."

ఆ రాత్రి మేం తేల్చుకున్నది ఇది. పచ్చ పురుగుకి ఇంకో దారి లేదు. దానికి తవ్వే కాళ్ళు లేవు, ఈగని పడేసే ముల్లు లేదు. దాని అమ్మా అంతే, అమ్మమ్మా అంతే. షావుకారుకి ఇంకో దారి ఉంది. న్యాయమైన వడ్డీకి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. దొంగ సర్టిఫికెట్టు కొన్నవాడికి కొనకుండా ఉండే దారి ఉంది. వాళ్ళని పురుగు అంటే వాళ్ళ తప్పుని వాళ్ళ పుట్టుక మీదికి తోసేసినట్టు. పుట్టుకని బట్టి తిట్టడం ఎలా ఉంటుందో ఆ పొద్దున్నే మేం చూశాం. ఇక మా హాస్టల్ అన్నం సంగతి. అది ఎవరి గూట్లోనో దొంగతనంగా దూరి తింటున్నది కాదు. రాజ్యాంగంలో రాసిపెట్టిన హక్కు. అది రాసిన రాజ్యాంగ సభలో మన వైపు నుంచి మాట్లాడటానికి జైపాల్ సింగ్ ముండా ఉన్నాడు. ఇందులో వాసన పూసుకోవాల్సిన పని ఎవరికీ లేదు. అలాంటప్పుడు ఆ మాట విని నవ్వడం ఎందుకు, తలవంచుకోవడం ఎందుకు?

మేం చెయ్యగలిగింది ఒకటే అనిపించింది. పరాన్నజీవి అంటే ఏమిటో చూసినవాళ్ళం ఆ క్లాసులో మేమే. చూసింది చెప్దాం. మర్నాడు మేడంని అడిగితే జువాలజీ అసోసియేషన్ సెమినార్‌లో పది నిమిషాలు ఇచ్చారు.

సెమినార్‌కి ముందు ఒక పని మిగిలింది. ఫినాయిల్ పోసిన కన్నం. దాన్ని తవ్వి లోపల ఎలా ఉంటుందో చూడాలని డుంబ్రిగూడ వాడు అన్నాడు. బతికున్న గూళ్ళని తవ్వకూడదని ముందే అనుకున్నాం కాబట్టి తవ్వగలిగింది అదొక్కటే. అన్నం గరిటెతో మెల్లగా తీశాం. మోచేతి లోతున ఇంకా ఫినాయిల్ వాసన వచ్చింది. మూడు గదులు దొరికాయి. ఒకదాంట్లో నాలుగు తేనెటీగలు, నల్లబడి, ఒకదాని మీద తెల్లటి గుడ్డు ఎండిపోయి ఉంది. రెండోదాంట్లో సగం తిన్న ఈగలు, వాటి మధ్య చచ్చిన పిల్ల. మూడోదాంట్లో ఈగల రెక్కలు, కాళ్ళు మాత్రమే మిగిలి, సన్నటి మెడ ఉన్న సీసాలాంటి గోధుమరంగు పట్టుగూడు ఉంది. దాన్ని అగ్గిపెట్టెలో దూది మీద పెట్టాం. ఏదైనా బయటికొస్తుందేమో, పచ్చదైనా సరే, వస్తే చాలనుకున్నాం. ఈ పోస్టు రాసే రోజుదాకా రాలేదు.

దాని గురించి బావ ఇంటికి ఫోన్ చేసి వాళ్ళ నాన్నకి చెప్పాడు, మేం స్పీకర్‌లో విన్నాం. ఆయన నవ్వాడు. "ఎందుకు సంపినారు రా? అవి ఎన్ని పట్టుకుపోతాయి, రోజుకి నాలుగో ఐదో. పెట్టెలో ఏలకి ఏలు ఉంటాయి. కందిరీగ తిరుగుతుందంటే అక్కడ తేనె ఉన్నట్టు లెక్క. ఈగ లేని కాడికి అదీ రాదు. నాకు బయం కందిరీగ కాదు, కింద చేలల్లో కొట్టే మందు" అన్నాడు. ఆయన చదివింది మూడో తరగతి. మేడంకి ఈ మాట చెప్తే, నిజమే, 1990ల మొదట్లో దక్షిణ భారతంలో మన తొర్ర తేనెటీగల పెట్టెలు పెద్ద ఎత్తున ఖాళీ అయిపోయింది కూడా కందిరీగల వల్ల కాదు, థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు వల్ల అన్నారు.

ఆ ఫోన్ తర్వాత బావ చాలా మారాడు. పదకొండు అగ్గిపుల్లలూ గాలికి పడిపోతే వాడే లేచి మళ్ళీ గుచ్చేవాడు.

సెమినార్ డిసెంబరులో జరిగింది. నలుగురం స్టేజీ ఎక్కాం. తెలుగులోనే చెప్పాం. పీపీటీ లేదు, చార్టు మీద స్కెచ్ పెన్నుతో గీశాం. వేట, గది, నూనె, బాక్టీరియా, కుంకుడుకాయలు, పచ్చ పురుగు, వెండి మొహం ఈగ. తెలుగు సార్ లేచి "మన పెద్దలు భ్రమర కీటక న్యాయం అన్నది దీన్నే కదా" అన్నారు. కందిరీగ పురుగుని గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మంటుంటే ఆ పురుగే కందిరీగ అయిపోతుందని చెప్పే మాట. హుకుంపేట వాడు మర్యాదగా చెప్పాడు, "సార్, పురుగు మారదు సార్. కందిరీగ పిల్ల దాన్ని తిని పెరుగుతుంది. ఒక్కోసారి అదే గూట్లోంచి కందిరీగ కూడా రాదు, పచ్చది వస్తుంది." సార్ నవ్వి, ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, ఎప్పుడూ గూడు తవ్వి చూడలేదు అన్నారు.

చివర్లో మేం అనుకున్న మాట ఒక్కటే చెప్పాం. పరాన్నజీవి అనేది జీవశాస్త్రంలో ఒక బతుకు తీరు పేరు. తిట్టు కాదు. దాన్ని తిట్టుగా వాడినవాళ్ళకి ఆ పురుగూ తెలియదు, తిట్టిన మనిషీ తెలియదు. ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరివైపూ చూడలేదు.

ప్రశ్నలు అడగమన్నారు. వెనక నుంచి అదే గొంతు. "ఆ పచ్చది కుడుతుందా?" జి.మాడుగుల వాడు చెప్పాడు, "కుట్టలేదు. ముల్లు గుడ్లు పెట్టే గొట్టంగా మారిపోయింది. ఎవడైనా పట్టుకుంటే ఉండ చుట్టుకోవడమే."

సారీ చెప్పలేదు వాడు. మేమూ అడగలేదు. తర్వాతి ఆదివారం మాత్రం గెడ్డ దారిలో వచ్చి, కన్నాలెక్కడ అని అడిగాడు. ఆ రోజు మబ్బు. మబ్బుంటే అవి బయటికి రావు. అరగంట ఇసక దగ్గర కూర్చుని చూశాడు, ఏమీ రాలేదు. అగ్గిపుల్లలు లెక్కపెట్టాడు. తర్వాత వాలీబాల్‌కి ఒకడు తక్కువైతే వచ్చి ఆడాడు. అంతే జరిగింది. ఎక్కువ చేసి రాయం.

ఇప్పుడు వలిస కోతలు అయిపోయాయి. కన్నాలు మూసుకుపోయాయి. లోపల పట్టుగూళ్ళు ఉన్నాయి. ఏ గూట్లో కందిరీగ ఉందో, ఏ గూట్లో పచ్చది ఉందో పైనుంచి చూస్తే తెలియదు. ఎండలు ముదిరి, మళ్ళీ కాలం వచ్చాకే తెలుస్తుంది.

మిత్రులారా, మీ దగ్గర మాకు కావలసినవి మూడు. ఒకటి, మీ ఊళ్ళో ఇసక గట్ల మీద, గెడ్డ ఒడ్డున, బడి వెనక ఇలాంటి కన్నాలు కనిపిస్తే తేదీ, టైము రాసి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. తవ్వకండి, ఫినాయిల్ పోయకండి, మేం పోసింది చాలు. రెండు, ఈ కందిరీగనీ పచ్చ పురుగునీ మీ ఇంటి భాషలో ఏమంటారో పెద్దవాళ్ళని అడిగి రాయండి. కువి, కోయ, కొండ, గదబ, సవర, ఆదివాసీ ఒడియా, ఏదైనా సరే. మా నలుగురి ఇళ్ళలో అడిగితే ఇప్పటికే మూడు పేర్లు వచ్చాయి. పుస్తకాల్లో లాటిన్ పేరు ఉంది, మన పేరు లేదు. మూడు, క్లాసులో మిమ్మల్ని ఎవరైనా ఏదైనా అంటే మాలో ఒకడిలా అలవాటుగా నవ్వేయకండి. ఆ మాటకి అర్థం ఏమిటో ముందు బాగా తెలుసుకుని, తర్వాత నిలబడి చెప్పండి.

పచ్చ పురుగు ఫొటోలు మూడు కింద కామెంట్లలో పెడుతున్నాం. కొంచెం మసగ్గా వచ్చాయి, మా ఫోన్లు అంతే.

జోహార్.